అత్తయ్య ఆపిన ఇంజను

పోయిన నెల ఒక పొద్దున్న షెడ్డులో పంపుసెట్టు హెడ్డు విప్పుతుంటే ఫోను మోగింది. అత్తయ్య వాళ్ళ ఎదురింటావిడ. "మీ అత్తయ్యగారు లేవట్లేదండీ. పాలాయన పిలిచాడు, నేనూ పిలిచాను. ఓసారి వస్తారా?" అంది. ఆవిడ గొంతులోనే సంగతి తెలిసిపోయింది. విప్పిన బోల్టులు విప్పినట్టే వదిలేసి, చేతులకున్న నూనె సరిగ్గా తుడుచుకోకుండానే బండెక్కాను. దారిలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఇక ఈవిడతో నా తగువు తేలదు కదా అనిపించింది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, చాలా ఉంది. కానీ ఆవిడ నన్ను మోసం చేసింది. ఆ మాట దాచిపెట్టి మిగిలినదంతా రాస్తే, చదివే మీకు ఎవరో సాధువుగారి ఫొటో కనపడుతుంది తప్ప మా అత్తయ్య కనపడదు. అందుకని రెండూ రాస్తున్నాను.

అత్తయ్య మా నాన్నకి అక్క. పాలకొల్లు నుంచి నరసాపురం వైపు వెళ్ళే కాలవ గట్టు మీద ఆవిడకీ మావయ్యకీ ఒక చిన్న రైసుమిల్లు ఉండేది. పిల్లల్లేరు. ఆ మిల్లులో ఒక ఆయిలింజను. ఇంగ్లండు సీమ నుంచి ఓడలో వచ్చిన సరుకు. నేలబారుగా పడుకున్న ఒక్కటే సిలిండరు, అటొకటి ఇటొకటి మనిషెత్తు చక్రాలు, కంపెనీ పేరు అరిగిపోయిన ఇత్తడి పలక. నా చిన్నప్పుడు సెలవులకి వెళితే నాకు ఆ ఇంజనే లోకం. గట్టు మీద ఎంత దూరాన ఉన్నా దాని చప్పుడు వినపడేది. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టేవారు.

ఆ గట్టే శ్మశానానికి దారి. దూరంగా డప్పు వినపడగానే మావయ్య నూనె కట్టేసి ఇంజను ఆపేవాడు. శవం మిల్లు దాటి వెళ్ళేదాకా చక్రం తిరక్కూడదు. పెద్దింటి శవమా పేదింటి శవమా అని చూసేవాడు కాదు. ఆపడం తేలికే. మళ్ళీ తిప్పాలంటే మాత్రం బ్లో ల్యాంపు పెట్టి ఇంజను బుర్ర ఎర్రబడేదాకా కాల్చాలి, ఇద్దరు చక్రాలకి వేలాడాలి. ఈలోగా ధాన్యం తెచ్చినవాళ్ళు బస్తాల మీద కూర్చుని చుట్టలు కాల్చుకునేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. రేపు తమకోసం కూడా ఆగుతుందని వాళ్ళకి తెలుసు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, మిల్లు ఆడుతుండగానే, మావయ్య గుండె పట్టుకుని ఊక కుప్ప పక్కన కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆరోజే ఇంజను కూడా పట్టేసింది. పిస్టను సిలిండరులో బిగుసుకుపోయి చక్రం కదలనంది. ఊళ్ళో ఇది కథైపోయింది. "ఆయనతోపాటే ఆగిపోయిందండీ! మనిషికి కూడా ఉండదండీ అంత విశ్వాసం" అని చెప్పుకునేవారు. నేనూ చెప్పాను, మా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకి. అత్తయ్య మాత్రం ఎవరేం చెప్పినా "ఊఁ" అని ఊరుకునేది.

తరవాత కరెంటు మిల్లులు వచ్చాయి. మా అత్తయ్య మిల్లు మళ్ళీ తెరుచుకోలేదు. రేకుల షెడ్డులో గోనెపట్టాల కింద ఇంజను ఉండిపోయింది. నేను పెద్దయి పాలకొల్లులో పంపుసెట్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాను. ఆ పని మీదే బతుకుతున్నాను. ఇంతకాలంలో నేను ముట్టుకోవాలని ఆశపడి ముట్టుకోలేకపోయిన ఇంజను అదొక్కటే. అడిగితే, "దాని జోలికి వెళ్ళకురా" అనేది.

అలాంటి మనిషి పంతొమ్మిదివందల తొంభైల్లో ఒకరోజు తనంతట తనే బస్సెక్కి నా షెడ్డుకి వచ్చింది. మంచినీళ్ళు తాగి, "ఒరేయ్, ఆ ఇంజను తిప్పగలవా?" అని అడిగింది.

"తిప్పి ఏం చేస్తావత్తయ్యా?"

"నేనేం చేసుకుంటానురా? నువ్వు తిప్పితే అది నీదే. ఇదిగో, ఇక్కడ షెడ్డు ముందర పెట్టుకో. పాలకొల్లు పాలకొల్లంతా వచ్చి చూస్తుంది."

మా ఆవిడ అక్కడే ఉంది. "నిజంగానా అత్తయ్యగారూ?" అంది, నాకంటే ముందు.

"ఈ వయసులో నీ మొగుడితో అబద్ధాలాడతానా అమ్మాయ్?" అంది అత్తయ్య.

ఆ వారమే నేను షెడ్డు ముందు గొయ్యి తవ్వించి సిమెంటు దిమ్మ పోయించాను. ఇంజను కాళ్ళ కొలతలు తెచ్చుకుని, ఆ కొలతకి సరిగ్గా నాలుగు మూలలా పెద్ద బోల్టులు పైకి నిలబెట్టించాను. ఇంజను ఇంకా అంగుళం కదలలేదు. "పిల్ల పుట్టకముందే ఉయ్యాల కడుతున్నారే!" అని మా ఆవిడ నవ్వింది.

పని మాత్రం ఇంతా అంతా కాదు. హెడ్డు విప్పి చూస్తే పిస్టను సగం దారిలో బిగిసి, చుట్టూ ఎర్రగా తుప్పు. కిరసనాయిలు, ఆముదం కలిపి సిలిండరులో పోసి, ఇంకేవరకూ ఆగడం, మళ్ళీ పోయడం. ఆదివారం వస్తే నేను గట్టు మీద ఉండేవాణ్ణి. అత్తయ్య ధాన్యం కొలిచే కుంచం బోర్లించుకుని దాని మీద కూర్చునేది. స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి నా పక్కన పెట్టేది. నేను తాగకపోతే చల్లారిందని తనే తాగేసి, నాకు ఇంకోటి కలిపి తెచ్చేది. ఓ ఆదివారం ఓపిక నశించి, పిస్టను మీద తుమ్మ దుంగ పెట్టి సమ్మెటతో వాయించబోయాను. గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకురా. అడుగు."

"ఇనుముని ఏమని అడుగుతాం అత్తయ్యా?"

"అందుకే నీకది ఇంకా కదల్లేదు" అంది.

వేడి ఎలా పెట్టాలో చెప్పింది ఆవిడే. గ్యాసు మంట పెడితే పాత పోత పగులుతుందని నాకు భయం. ఆవిడ ఊక తెచ్చి సిలిండరు చుట్టూ పోసి నిప్పంటించింది. ఊక మండదు, రాజుకుంటుంది. పొద్దున్న అంటిస్తే సాయంత్రందాకా ఒకే సెగ. ఆ తరవాత హెడ్డు చోట ఇనుప పలక బిగించి, అందులో నిపిల్ పెట్టి, గ్రీజు గన్నుతో లోపలికి గ్రీజు ఎక్కించడం మొదలెట్టాను. ఎక్కించి ఎక్కించి భుజాలు పడిపోయాయి. గ్రీజుకి వెళ్ళే చోటు లేక చివరికి పిస్టన్నే తోసింది. కటక్కుమని ఒక్క చప్పుడు. అత్తయ్య కుంచం మీంచి లేచి నిలబడింది. నేను కేకేశాను. ఆవిడ కేకెయ్యలేదు, చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

పిస్టను బయటికి వచ్చాక నాకు ఒక సంగతి అర్థమైంది. తుప్పు తరవాత పట్టింది. అంతకుముందే పిస్టను కాలి, ఒక పక్క పొడుగునా గీరుకుపోయింది. అది నీళ్ళు లేక వేడెక్కిన ఇంజను. పక్కన తొట్టిలో నీళ్ళు మరిగి ఆవిరైపోయినా ఆగకుండా తిరిగి తిరిగి పట్టేసిన ఇంజను. ఊళ్ళోవాళ్ళు చెప్పుకునే విశ్వాసం అందులో ఏమీ లేదు.

"అత్తయ్యా, ఇది మావయ్యతోపాటు ఆగలేదు. ఆ తరవాత చాలాసేపు తిరిగింది" అన్నాను.

"ఊఁ" అంది.

నేను పిస్టను చూస్తున్నాను తప్ప ఆవిడ మొహం చూడలేదు.

సిలిండరు తొలిపించడానికి రాజమండ్రి లేతు షాపుల చుట్టూ తిరిగాను. రింగులు కొత్తగా చేయించాను. బేరింగులు పోయించాను. పాత ముచ్చట్లు చెబుతూ అత్తయ్య నాకు ఇంకో పని కూడా నేర్పింది. కర్ర ఒక కొస ఇంజను ఒంటికి, రెండో కొస చెవికి ఆనించి వినడం. మావయ్య అలాగే వినేవాడట. "కళ్ళు మూసుకో. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది" అనేది. వేరే ఇంజన్ల మీద నా చేత సాధన చేయించింది. ఇవాళ నరసాపురం నుంచి కూడా రైతులు నా దగ్గరికి వస్తున్నారంటే ఆ కర్ర చలవే. ఆ రుణం లేదని నేనెప్పుడూ అనలేదు.

అన్నీ బిగించాక, ఎప్పుడు తిప్పుదాం అని అడిగితే, "మిట్టమధ్యాహ్నం" అంది. ఎండలో ఎందుకు, పొద్దున్నే చల్లగా తిప్పుదాం అన్నాను. "మధ్యాహ్నమే. ఆపడం మాత్రం నేనే ఆపుతాను" అంది. ముసలావిడ ముచ్చట కదా అనుకున్నాను. మా ఆవిడా, ఇరుగుపొరుగు నలుగురూ వచ్చారు. అత్తయ్య తలస్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. బ్లో ల్యాంపుతో బుర్ర కాల్చాను. నేనూ ఇంకొకాయనా చక్రాలు పట్టి ఊపాం. ఒకసారి తుమ్మింది. రెండోసారి పొగ కక్కింది. తరవాత అందుకుంది. నా చిన్నప్పటి చప్పుడు, అదే, గట్టు పొడుగునా. ఏడిచానంటే సిగ్గేం లేదు, ఏడిచాను.

అత్తయ్య కాసేపు నిలబడి వింది. కర్ర పెట్టలేదు. తరవాత ముందుకు వెళ్ళి, ఎవరూ చూపించకుండానే, నూనె మీట కట్టేసింది. చక్రాలు బరువు మీద ఇంకా తిరిగాయి, మెల్లబడ్డాయి, కొంచెం వెనక్కి వచ్చి ఆగాయి. అంతసేపూ ఆవిడ తల వంచుకునే ఉంది.

"సాయంత్రం మళ్ళీ తిప్పుదాం అత్తయ్యా" అన్నాను.

"చూద్దాంలే" అంది.

ఇంజనుని పాలకొల్లు తేవడానికి లారీ, క్రేనూ మాట్లాడుకోవడానికి నేను రాజమండ్రి వెళ్ళాను. తిరిగి వచ్చి గట్టు మీదకి వెళ్ళేసరికి షెడ్డులో ఇంజను లేదు. నేల మీద నూనె మరక, విరిగిన పోత ముక్కలు. తుక్కు ఇనుము కొట్టువాణ్ణి అత్తయ్యే పిలిపించిందట. పోత ఇనుము గ్యాసుకి తెగదని వాళ్ళు సమ్మెటలతో పగలగొట్టి, ముక్కలు బండిలో వేసుకుపోయారట. నన్ను ఒక్క దెబ్బ కొట్టనివ్వని మనిషి, కుంచం మీద కూర్చుని అవన్నీ చూసిందట.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంట్లోకి వెళ్ళి అరిచాను.

"నాకిస్తానన్నావు కదత్తయ్యా! మా ఆవిడ ముందర అన్నావు. దిమ్మ పోయించాను. ఏంటిది?"

ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"కూర్చో."

"కూర్చోను. చెప్పు."

"ఆరోజు మీ మావయ్య పడిపోతే అందరం ఆయన చుట్టూ మూగాం. నేనూనూ. ఇంజనాపాలన్న ధ్యాస ఒక్కళ్ళకీ లేదురా. ఆయన్ని ఇంటికి మోసుకొచ్చినా అది తిరుగుతూనే ఉంది. నేను ఏడుస్తుంటే దాని చప్పుడు. ఊళ్ళో ప్రతి శవానికీ ఆపినాయన. ఆయన శవానికి ఎవరూ ఆపలేదు. చివరికి తనే కాలి ఆగిపోయింది. విశ్వాసం అంటారేంట్రా అందరూ, విశ్వాసం! నా చెవులకి తెలుసు అదెప్పుడాగిందో."

నేను గడప మీద కూర్చున్నాను.

"ఆయన కోసం ఒక్కసారి ఆపాలని. అంతే. తిరగని ఇంజనుని ఎలా ఆపుతాం? అందుకే నిన్నడిగాను."

"ఆ మాట నాతో అనచ్చు కదా. చెబితే చెయ్యనా?"

"చేద్దువు. ఎలా చేద్దువు? అత్త ముచ్చట కదా అని పైపైన చేద్దువు. నీదంటే ప్రాణం పెట్టి చేశావు."

"సరే, ఆపావు. తరవాతైనా నాకివ్వచ్చు కదా!"

"నీకిస్తే తిప్పుతావు. వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి రోజూ తిప్పుతావు. ఆయన కోసం ఆగిన ఇంజనురా అది. మళ్ళీ తిరక్కూడదు." ఆవిడ చేట ఒళ్ళోకి తీసుకుంది. "కాఫీ తాగుతావా?"

తాగలేదు. ఇప్పటికీ నేను ఆ సంభాషణ తలుచుకుంటే నా వైపే న్యాయం ఉందనిపిస్తుంది. ఆవిడ బాధ నిజమే. నేనేమైనా రాయినా, అర్థం కాకపోవడానికి? కానీ నా ఆశ ఏపాటిదో ఆవిడకి తెలుసు. తెలిసే దాన్ని గ్రీజు గన్నులా వాడుకుంది. కావలసింది కదలగానే పక్కన పడేసింది. పరాయివాళ్ళు చేసి ఉంటే మరిచిపోయేవాణ్ణి.

నేను గట్టు మీదకి వెళ్ళడం మానేశాను. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు రావడం మొదలెట్టింది. పాలకొల్లులో గుడికి వచ్చిన ప్రతిసారీ నా షెడ్డుకి వచ్చేది. ఎక్కడ కూర్చునేదో తెలుసా? ఇంజను కోసం నేను పోయించిన దిమ్మ మీద! తువ్వాలు పరుచుకుని, నాలుగు బోల్టుల మధ్య సర్దుకుని కూర్చునేది.

"ఈ మేకులు గుచ్చుకుంటున్నాయిరా. కోయించెయ్."

"కోయించను."

"సరే" అనేది. కాసేపాగి, "ఆ మూల ఇంజను, ఇంజెక్టరు డీజిలు సరిగ్గా కొట్టట్లేదు, చూడు" అనేది. చూస్తే నిజమే అయ్యేది. దాంతో ఇంకా ఒళ్ళు మండేది.

మా ఆవిడకి ఆపరేషనయినప్పుడు ఆస్పత్రిలో మంచం పక్క నుంచి కదలకుండా ఉంది అత్తయ్యే. నా పనివాడు మానేసిన రోజుల్లో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కబుర్లు చెప్పి, పోనివ్వకుండా కాసింది అత్తయ్యే. క్షమించమని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడుగుతుందేమోనని నేను కనిపెట్టుకునే ఉన్నాను. ఆ బోల్టులకి తుప్పు పట్టకుండా నెలకోసారి నూనె రాసేవాణ్ణి. ఆవిడ చూస్తుండగా రాసేవాణ్ణి. ఆవిడ చూసి, నవ్వి, ఊరుకునేది. చివరిసారి వచ్చినప్పుడు కూడా ఆ దిమ్మ మీదే కూర్చుని, లేవడానికి ఒక బోల్టు పట్టుకుంది. "పోనీలే, దీనికైనా పనికొచ్చాయి" అంది.

కొరివి పెట్టాల్సింది నేనే. తమ్ముడి కొడుకుని కదా. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నాను, వెనక పాడె. అదే గట్టు. పాత మిల్లు రేకులు ఎప్పుడో ఊడిపోయాయి. రెండో పంట దాళ్వా రోజులు, పొలాలకి నీళ్ళు పెట్టుకుంటున్నారు. దారి మధ్యలో శవాన్ని దింపి, ప్రాణం ఏమైనా ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు వచ్చింది. పాడె దింపారు. ఆ గట్టు కిందే కాలవ ఒడ్డున ఎవరిదో డీజిలు పంపు ఆడుతోంది. రైతు లేడు. నాకు అలవాటు కదా, ఇంజెక్టరు సరిగ్గా కొట్టట్లేదని విన్నాను.

"వంగి పిలవండి" అన్నాడు కర్మ చేయించే పెద్దాయన.

వంగాను. పంపు చప్పుడు. నా గొంతు నాకే వినపడదు. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. నిజం చెప్పాలంటే, తిరగనీ, అనుకున్నాను. నాకు లేకుండా చేసింది కదా, తిరగనీ.

తరవాత లేచి గట్టు దిగాను.

"అయ్యయ్యో, నిప్పు పట్టుకుని పక్కకి దిగకూడదండీ!" అని పెద్దాయన కేకేశాడు. "అటెక్కడికండీ?" అని వెనక ఎవరో.

బురదలో మోకాలిదాకా దిగబడ్డాను. ఎడమచేతిలో నిప్పుకుండ. కుడిచేత్తో మీట లాగి పట్టుకున్నాను. ఇంజను రెండుమూడుసార్లు దగ్గి ఆగిపోయింది. చిన్న చక్రం, గబుక్కున ఆగింది. గొట్టంలోంచి నీళ్ళ ధార సన్నబడి, చుక్కలై, అదీ ఆగింది. అవతలి గట్టు మీంచి రైతు పరిగెత్తుకొస్తున్నాడు.

"ఎవరండీ ఇంజను ఆపిందీ?"

"నేనేనండి" అన్నాను. "శవం దాటేదాకా ఆపి ఉంచండి. మళ్ళీ నేనే వచ్చి తిప్పి పెడతాను. ఇంజెక్టరు కూడా చూస్తాను."

ఆయన పాడె చూసి తలపాగా తీసి నిలబడ్డాడు. నేను గట్టెక్కి, బురద కాళ్ళతోనే పాడె పక్కన కూర్చున్నాను. కాలవలో నీళ్ళు కదులుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాను.

"అత్తయ్యా, ఆపాను."